శివారుకు అందే పాఠం

(అమలాపురంలో పాఠశాలల ప్రధానోపాధ్యాయులు, కరస్పాండెంట్ల సమావేశంలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభలోని పెద్దలకు, తోటి మాస్టార్లకు, టీచరమ్మలకు నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడిన అబ్బాయి ఆన్‌లైన్ తరగతులు నడిపే తమ సాధనాన్ని చాలా బాగా చూపించారు. తెర మీద గుండె బొమ్మ కొట్టుకుంది, ఎక్కడో హైదరాబాదులో కూర్చున్న పాప చేయి ఎత్తితే ఇక్కడ గంట మోగింది. నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూనే ఒకటి గమనించాను. ఆయన ల్యాప్‌టాప్ వెనక నుంచి ఒక నీలం తీగ వెళ్లి, గోడకున్న ఫైబర్ పెట్టెలో కలిసింది. మన పిల్లల్లో ఎంతమంది ఇళ్లలో ఆ నీలం తీగ ఉంది? అంటే మనం ఇంతసేపూ చూసింది లాకుల దగ్గర నీళ్లు. లాకుల దగ్గర నిలబడి చూస్తే ఏ కాలువైనా నిండుగానే ఉంటుంది.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆనాటి నుంచి ఈనాటి వరకు మన తగాదా ఒక్కటే, కాలువ చివరనున్న శివారు భూములకు నీరు అందిందా లేదా అని. ఇంజినీరు గారు ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది శివారు రైతుకు అక్కర్లేదు. తన పంట బోదెలోకి ఎంత వచ్చిందో అదే అతని లెక్క. ఆన్‌లైన్ తరగతికి ఏ సాధనం కొనాలి అని మీరు నన్ను పిలిచి అడిగారు. నేను కూడా శివారు నుంచే లెక్క మొదలుపెడతాను. మీ బడిలో అందరికంటే పాత ఫోను, అందరికంటే బలహీనమైన సిగ్నలు ఉన్న పిల్ల ఎవరో ముందు కనుక్కోండి. ఆ పిల్లకు పాఠం అందిస్తే అది మంచి సాధనం. అందించకపోతే దానికి ఎన్ని గంటలు మోగినా నాకు అక్కర్లేదు.

కరోనా పోయింది కదా, ఇంకా ఈ గొడవ ఎందుకని కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మన బడులు మూతపడడానికి కరోనాయే రానక్కర్లేదు. జూలై, ఆగస్టుల్లో గోదావరి వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను వస్తుంది. పెను తుఫాను వచ్చిన 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామందే కనిపిస్తున్నారు, వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో పిల్లల పుస్తకాలు అటక మీద, పిల్లలు ఏటిగట్టు మీద ఉన్నారు. ఇవి కాక మామూలు రోజుల్లో ఇంకో అవసరం ఉంది. భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు ఒక బడిలో ఉంటారు, పక్క బడిలో ఉండరు. రెండు బడులు ఒప్పుకొని ఒకే మాస్టారి పాఠాన్ని పంచుకోవచ్చు. ఈ రెండు అవసరాలూ వేరు. రెండోదానికి పిల్లలు బడిలోనే ఉంటారు, తెర ఒకటే, తీగ ఒకటే, కాబట్టి ముందు మాట్లాడిన అబ్బాయి చూపించిన సరుకు అక్కడ చక్కగా పనికొస్తుంది. చిక్కంతా మొదటిదానితోనే.

ఇక లెక్కలోకి వస్తాను. సైన్సు మాస్టారిని, లెక్క లేకుండా నిద్ర పట్టదు.

జూమ్ వారు తమ అవసరాలు ఇవీ అని ప్రకటించిన అంకెలు చూస్తే, ఓ మాదిరి నాణ్యమైన వీడియోకు సెకనుకు 600 కిలోబిట్లు కావాలి. ఒట్టి మాటకు 60 నుంచి 80 చాలు. మాస్టారి ముఖం లేకుండా తెర మీది పేజీని మాత్రం పంచుకుంటే 50 నుంచి 75. మిగతా సాధనాలకూ ఇంచుమించు ఇదే వరుస. ఇప్పుడు గుణించండి. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, సెకనుకు 600 కిలోబిట్లు గంటసేపు వస్తే 270 ఎంబీలు. పిల్ల కూడా తన కెమెరా తెరిస్తే అటు పోయేవి మరో 270. గంటకు 540 ఎంబీలు. 2020 జూలైలో కేంద్ర విద్యాశాఖ ప్రజ్ఞాత పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. 9 నుంచి 12 తరగతుల వారికి రోజుకు నాలుగు తరగతులు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు, అంతకు మించవద్దంది. నాలుగు తరగతులు, ఒక్కోటి ముప్పావు గంట అంటే మూడు గంటలు. మూడు గంటలకు 1,620 ఎంబీలు. చాలా ఇళ్లలో వేయించుకునే ప్యాకు రోజుకు ఒకటిన్నర జీబీ. నాలుగో తరగతి ముగియకుండానే ప్యాకు ముగుస్తుంది. ఆ తర్వాత వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. అందులో మాట కూడా సరిగ్గా పట్టదు.

అదే మూడు గంటలు మాట, తెర మీది పేజీ మాత్రమే పంపితే? మాటకు గంటకు 36 ఎంబీలు, పేజీకి ఇంచుమించు అంతే. మొత్తం కలిపి 210 ఎంబీల దగ్గర ఆగుతుంది. వీడియోలో ఎనిమిదో వంతు. నాన్నగారు రాత్రి క్రికెట్ చూసుకోవడానికి కూడా మిగులుతుంది.

అందుకే ఏ సాధనమైనా ముందు పెట్టండి, నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. సిగ్నలు తగ్గినప్పుడు ఇది దేన్ని ముందు వదులుతుంది? బొమ్మను వదిలి మాటను కాపాడితే పరవాలేదు. రెండింటినీ పట్టుకుని రెండూ ముక్కలు ముక్కలుగా వినిపిస్తే దాన్ని ఇంటికి పంపించండి. పిల్లవాడు తన వైపు నుంచే, రావలసిన వీడియోలను ఆపుకునే మీట ఉందా? కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఎక్కడో లోపల దాగి ఉంటుంది. తెగిపోయాక మళ్లీ కలవడానికి ఎన్ని నొక్కులు కావాలి? ఒకటైతే మంచిది. మూడైతే పిల్లలు రెండోసారి రారు.

ఈ మూడో ప్రశ్న నాకు ఎవరూ నేర్పలేదు, ఒక పిల్ల నేర్పింది. 2020లో నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. కాంతి వక్రీభవనం చెబుతున్నాను. తరగతి అయ్యాక హాజరు పట్టీ చూస్తే ఒక పిల్ల పేరు పదకొండు సార్లు ఉంది. వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. అల్లరి అనుకున్నాను. మర్నాడు అందరి ముందూ మందలించాను. ఆ సాయంత్రం వాళ్ల అమ్మమ్మ ఫోను చేసింది. వాళ్లది లంక గ్రామం. ఇంట్లో సిగ్నలు ఉండదు. ఏటిగట్టు ఎక్కితే రెండు గీతలు వస్తాయి. పిల్ల గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి, తెగినప్పుడల్లా మళ్లీ లింకు నొక్కుకుంటూ, పదకొండు సార్లు నా పాఠంలోకి వచ్చింది. నలభై మందిలో అంత పట్టుదలగా నా పాఠం విన్నవాళ్లు ఇంకెవరూ లేరు. నేను తిట్టింది ఆ ఒక్కరినే. తర్వాత అందరి ముందూ క్షమాపణ చెప్పాను, అది వేరే సంగతి. హాజరు పట్టీ దానంతట అదే తయారవుతుందని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. తీసుకోండి, కానీ దాన్ని నమ్మి ఎవరినీ మందలించకండి.

ఆ పట్టీలో ఇంకో తమాషా. పేర్లు నాన్నల ఫోన్లలో ఎలా ఉంటే అలాగే వస్తాయి. నా తొమ్మిదో తరగతిలో ఒక కొబ్బరి కొట్టు, రెండు ఎలక్ట్రికల్ దుకాణాలు, ఒక రొయ్యల మేత ఏజెన్సీ రోజూ హాజరయ్యేవి. (నవ్వులు) నవ్వండి గానీ ఇందులో భద్రత సంగతి ఉంది, మళ్లీ వస్తాను.

ఫోను సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గ్రామాల్లో పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే ప్రకారం గ్రామాల్లో బడికి వెళ్లే పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020కి 61.8 శాతం. ఆ తర్వాత ఇంకా పెరిగాయి. ఈ అంకె చూసి సంబరపడేవాళ్లకు నేనొకటి చెబుతాను. ఇంట్లో ఫోను ఉందంటే నాన్న ఇంట్లో ఉన్నారని అర్థం. ఆయన చెరువు మీదికి వెళ్తే ఫోనూ చెరువు మీదికే. కాబట్టి ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా జరిగే తరగతి వేళను సాధనం కొనకముందే తల్లిదండ్రులను అడిగి నిర్ణయించండి. నా అనుభవంలో ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర, లేదా రాత్రి ఏడు తర్వాత. పగలు పదకొండు గంటలకు పెట్టే తరగతి పట్నం పిల్లలకే.

ఇప్పుడు పేర్లతో చెప్పమంటారు. చెబుతాను. ఈ కంపెనీలు షరతులు మారుస్తూ ఉంటాయి కాబట్టి కొనే రోజున ఒకసారి సరిచూసుకోండి.

జూమ్ అందరికీ అలవాటే. ఉచిత ఖాతాలో వంద మంది వరకు, నలభై నిమిషాల వరకు. నలభై నిమిషాలకు తెగిపోతుందని అందరూ విసుక్కుంటారు. నాకైతే అది దాని మంచి గుణం అనిపిస్తుంది, కొందరు మాస్టార్లను ఆపడానికి వేరే మార్గం లేదు. గూగుల్ మీట్ మామూలు ఉచిత ఖాతాలో ముగ్గురు అంతకు మించి ఉంటే గంట. కానీ బడి పేరు మీద నమోదు చేసుకుంటే విద్యాసంస్థల కోసం ఇచ్చే ఉచిత విభాగం వేరే ఉంది. దానికి బడికి సొంత వెబ్ చిరునామా ఉండాలి, గుర్తింపు ఉన్న బడేనని వాళ్లు సరిచూస్తారు. అప్పుడు గంట పరిమితి పోతుంది, వంద మంది వరకు రావచ్చు, పాఠాలు, హోంవర్కు పంచుకునే గూగుల్ క్లాస్‌రూమ్ దానితో కలిసి వస్తుంది. రికార్డింగు, పిల్లలను చిన్న గదులుగా విడదీయడం, చిన్న ఓటింగులు అందులో ఉండవు, వాటికి డబ్బు కట్టాలి. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోనూ బడులకు ఉచిత విభాగం ఉంది. బాగానే ఉంటుంది, కాకపోతే పాత ఫోన్ల మీద అది బరువని నా అభిప్రాయం. రెండు జీబీ మెమరీ ఉన్న ఫోనులో ఒకసారి తెరిచి చూశాక మీ అభిప్రాయం చెప్పండి.

నాకు మనసుకు దగ్గరైనది బిగ్‌బ్లూబటన్. 2007లో కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఇది సమావేశాల కోసం కాక తరగతి కోసమే పుట్టింది. నల్లబల్ల, అందరూ కలిసి రాసే నోట్సు, ఓటింగు అన్నీ మొదటి నుంచీ ఉన్నాయి. యాప్ వేసుకోనక్కర్లేదు, క్రోమ్‌లో లింకు నొక్కితే చాలు. సాఫ్ట్‌వేర్ ఉచితం. అయితే అది నడవడానికి సొంత సర్వర్, అంటే ఎప్పుడూ నడుస్తూ ఉండే పెద్ద కంప్యూటర్, కావాలి. ఎనిమిది కోర్లు, పదహారు జీబీ మెమరీ, మంచి బ్యాండ్‌విడ్త్ ఉండాలని తయారీదారులే చెబుతారు. దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఒక్క బడికి ఇది తలకు మించిన భారం. పది, పదిహేను బడులు కలిసి ఒక సర్వర్ పెట్టుకుని, కంప్యూటర్ తెలిసిన ఒక కుర్రాడికి జీతమిస్తే గిట్టుబాటవుతుంది. మన ఊళ్లలో కొబ్బరికాయల వ్యాపారులు కలిసి లారీ మాట్లాడుకోరా, అలాగే. ఒక లోపం కూడా చెప్పాలి. మాస్టారు ఫోను నుంచే పాఠం చెబితే, ఫోను బ్రౌజరు తెరను పంచనివ్వదు. మాస్టారి దగ్గర ల్యాప్‌టాప్ తప్పదు, లేదా పేజీలను ముందే పీడీఎఫ్‌గా ఎక్కించుకోవాలి.

దీనితో జతపడే మూడిల్ అనే పాఠాల వేదికను తయారుచేసిన మార్టిన్ డూగియామస్ పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో పెరిగాడు. చిన్నప్పుడు చదువు రేడియోలో అందింది. ఆ దేశంలో ఎడారి పిల్లల కోసం 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి షార్ట్‌వేవ్ రేడియో బడి మొదలుపెట్టారు. టీచరు మాట్లాడితే వందల కిలోమీటర్ల దూరంలోని పిల్లలు రేడియోలోనే జవాబు చెప్పేవారు. బొమ్మ లేదు, మాట ఒక్కటే. ఆ బడిలో చదివి పెద్దవాళ్లయినవాళ్లు ఉన్నారు. కెమెరా తెరవకపోతే పాఠం ఎలా అని నన్ను అడిగేవాళ్లకు ఈ సంగతి చెబుతూ ఉంటాను.

కెమెరా విషయంలో ఇంకో లెక్క కూడా ఉంది. ముప్పై మంది పిల్లలు అందరూ కెమెరాలు తెరిచి, అందరూ అందరినీ చూస్తే, ఒక్కొక్కరికి ఇరవై తొమ్మిది బొమ్మలు పోవాలి. సర్వర్ 870 ధారలు పంపాలి. అరవై మంది అయితే రెట్టింపు కాదు, 3,540. సాధనాలు ఈ భారాన్ని తగ్గించుకోవడానికి తెర మీద కొందరినే చూపిస్తాయి, కొందరి బొమ్మను మసకబరుస్తాయి. అంత కష్టపడి చూసేదేమిటి? ముప్పై నుదుళ్లు, నాలుగు ఫ్యాన్లు.

అయితే కెమెరా మూస్తే పిల్లలకు అర్థమైందో లేదో ఎలా తెలుస్తుందనే బెంగ న్యాయమైనదే. అర్థమైందా అంటే మన పిల్లలు ‘ఆయ్’ అంటారు. తరగతిలో ఆ ‘ఆయ్’ వెనక ముఖం కనిపిస్తుంది కాబట్టి అసలు సంగతి మనకు తెలుస్తుంది. ఫోనులో ‘ఆయ్’ ఒక్కటే వస్తుంది. నేను ఒక పద్ధతి పట్టాను. పది నిమిషాలకు ఒక లెక్క ఇస్తాను. జవాబు అంకెను చాట్‌లో రాసి ఉంచుకోమంటాను, నేను ఒకటి, రెండు, మూడు అన్నాక ఒక్కసారిగా పంపమంటాను. ఒకరిని చూసి ఒకరు రాయడానికి వ్యవధి ఉండదు. దీనికి డబ్బు కట్టి కొనే ఓటింగు అక్కర్లేదు, ఏ సాధనంలోనైనా చాట్ ఉంటుంది.

భద్రత సంగతి చెబుతానన్నాను. 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ జూమ్ సురక్షితం కాదని, ప్రభుత్వ ఉద్యోగులు అధికారిక పనులకు వాడవద్దని హెచ్చరించింది. వాడుకునే ప్రైవేటు వ్యక్తులకు కొన్ని జాగ్రత్తలు చెప్పింది. ప్రతి సమావేశానికి కొత్త నంబరు, కొత్త పాస్‌వర్డు పెట్టాలి. ముందు గదిలో ఆపి ఒక్కొక్కరినీ లోపలికి రానివ్వాలి. తెర పంచే హక్కు నిర్వాహకుడి దగ్గరే ఉండాలి. అందరూ వచ్చాక తలుపు వేయాలి. ఆ తర్వాత జూమ్ చాలా మార్చుకుంది గానీ ఆ జాగ్రత్తలు ఈనాటికీ ఏ సాధనానికైనా వర్తిస్తాయి. ఇక్కడే రొయ్యల మేత ఏజెన్సీ అడ్డం వస్తుంది. ముందు గదిలో నిలబడింది మన పిల్లవాడో, లింకు దొరికిన ఎవరో తెలియదు. తరగతి, నంబరు, పేరు, ఈ వరుసలో పేరు మార్చుకుంటేనే రానిస్తానని మొదటి వారమే గట్టిగా చెప్పండి. రెండో వారానికి అలవాటవుతుంది.

చట్టం కూడా వచ్చింది. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతికి రుజువు ఉండాలి, వాళ్లను వెంటాడి ప్రకటనలు చూపించకూడదు. పిల్లల విషయంలో ఈ నిబంధనలు మీరితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. చదువుకు, భద్రతకు అవసరమైనంత మేరకు బడులకు కొంత మినహాయింపు ఉంది. ఉచితంగా ఇస్తామని వచ్చే కొత్త యాప్ పిల్లవాడి పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, ఫోనులోని నంబర్ల పట్టిక అడిగితే, వాటితో పాఠానికి ఏమి పని అని ఒక్క మాట అడగండి. వాళ్ల ముఖం చూస్తే జవాబు తెలిసిపోతుంది.

ఒక చేదు అనుభవం కూడా చెప్పనివ్వండి. పేరు అనవసరం. నేను సలహాదారుగా ఉన్న ఒక బడి ఒక కంపెనీ దగ్గర ఏడాది చందా ముందే కట్టింది. ప్రదర్శన ఇలాంటి చల్లని గదిలోనే జరిగింది. చేతులెత్తి ఒప్పుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది. వరదల వారంలో తెరిచి చూస్తే ఆ యాప్ కొత్త ఆండ్రాయిడ్ ఉంటేనే ఎక్కుతుందట. మూడో వంతు పిల్లల ఫోన్లలో ఎక్కనే లేదు. డబ్బు తిరిగి రాలేదు. రికార్డు చేసుకున్న పాఠాలు బయటికి తీసుకుందామంటే అవి వాళ్ల దగ్గరే ఉంటాయన్నారు. అప్పటి నుంచి రెండు షరతులు నోటితో కాక కాగితం మీద రాయించుకుంటున్నాను. నెల నెలా కట్టే ఏర్పాటు ఉండాలి. విడిపోయే రోజున మా పాఠాలు, మా మార్కులు మాకు మామూలు ఫైళ్లుగా ఇవ్వాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఉపయోగం ఒకటుంది, దాన్ని ఎవరూ అమ్మజూపరు. మన పిల్లల్లో చాలామంది తల్లులు కువైట్‌లోనో దుబాయిలోనో ఉన్నారు. తల్లిదండ్రుల సమావేశానికి తాతయ్యలు వస్తారు. సాయంత్రం ఏడున్నరకు ఒక్క అరగంట ఆన్‌లైన్‌లో పెట్టండి, కువైట్‌లో అప్పుడు అయిదు. దుబాయిలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు కాబట్టి జూమ్, టీమ్స్ వంటివి వాడాలి. పిల్ల మార్కులు వాళ్ల అమ్మతో చెబుతుంటే పక్కన నిలబడ్డ ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో మీరే చూడండి. ఇక్కడ మాత్రం కెమెరా తెరవండి, డేటా పోతే పోనివ్వండి.

ఇన్ని చెప్పి, ఆన్‌లైన్ ప్రత్యక్ష తరగతి అసలు అక్కర్లేని రోజులు కూడా ఉంటాయని చెప్పకపోతే తప్పవుతుంది. 2022 మేలో ఇదే అమలాపురంలో గొడవల తర్వాత ఇంటర్నెట్ నిలిపివేసినప్పుడు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకొని పొరుగూళ్లకు పరుగెత్తారు. వరదల్లో కరెంటు పోతే టవరు బ్యాటరీ ఎంతసేపని నిలుస్తుంది? ఆ రోజుల కోసం వారానికి సరిపడా పాఠాలు అచ్చు వేసి, జూన్‌లోనే సంచిలో పెట్టి లంక పిల్లలకు ఇచ్చేయండి. సిగ్నలు వచ్చీపోయే రోజుల్లో పది నిమిషాల వాయిస్ మెసేజీ ఒకటి, పుస్తకంలో లెక్క చేసిన ఫొటో ఒకటి పంపండి. రాత్రి ఏ పన్నెండుకు సిగ్నలు వచ్చినా దిగుతుంది. ప్రత్యక్ష తరగతిని సందేహాల కోసం దాచుకోండి. వారానికి రెండు చాలు.

మాట్లాడింది చాలు. ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. హాలు వైఫై ఆపేయండి, సొంత డేటా మీదికి రండి. బల్ల మీద అయిదు పాత ఫోన్లు పెట్టాను, మా వీధి పిల్లల దగ్గర అడిగి తెచ్చినవి. వెనక వరుసలోని అయిదుగురు మాస్టార్లు అవి తీసుకోండి. కుడివైపు కూర్చున్నవాళ్లు బయటికి వెళ్లి ప్రహరీ చివర కొబ్బరిచెట్ల కింద నిలబడండి, అక్కడ ఒక్క గీతే వస్తుందని పొద్దునే చూసుకున్నాను. బోర్డు మీద మూడు లింకులు రాశాను. ఒక్కోదానిలో పది నిమిషాలు, పాఠం ఒకటే, కటకాలు. తెగినవాళ్లు ఎన్నిసార్లు తెగిందో కాగితం మీద గీత గీయండి. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం, దాటేకొద్దీ ఒకరి మాట మీద ఒకరు పడతారు. దాన్ని కొలిచే యంత్రం నా దగ్గర లేదు, చెవులున్నాయి. ఇదిగో, చప్పట్లు కొడుతున్నాను. తలుపు దగ్గర నిలబడ్డ టీచరమ్మ గారూ, నా చప్పుడు మీకు ఎదురుగా వినిపించాక ఎంతసేపటికి ఫోనులో వినిపించింది?